సరుకు దాచుకోవడం గురించి అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

తెనాలి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోనులో చెప్పిన సంగతి నా మనసులో అలాగే ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మీ అపార్ట్‌మెంటులోని స్నేహితురాళ్ళందరూ మీ ఇంట్లో చేరి వంటల కబుర్లు చెప్పుకుంటుండగా నువ్వు కందిపప్పు డబ్బా మూత తీస్తే పురుగు కనిపించిందనీ, అది చూసి ఒకరు సరుకంతా ఫ్రిజ్‌లోనే పెట్టుకోవాలన్నారనీ, మరొకరు ఎండలో పోస్తే చాలన్నారనీ, ఇంకొకరు బియ్యంలో వేసే మాత్రలు నాలుగు తెచ్చి డబ్బాల మధ్య పెట్టమన్నారనీ చెప్పావు. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. అందుకే ఫోనులో చెప్పి ఊరుకోకుండా, దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసుకోవడానికి వీలుగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ మాత్రల సంగతి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. గోదాముల్లో శిక్షణ పొందినవారు బస్తాల మీద పట్టాలు కప్పి, మనుషులెవరూ లోపల లేకుండా చూసి వాడవలసిన మందు అది. తలుపులు వేసుకుని పడుకునే ఇంట్లో వాడితే ప్రాణాలే పోతాయి. అలా పోయిన కుటుంబాల వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. ఎవరైనా తెచ్చి ఇచ్చినా గడప దాటి లోపలికి రానివ్వకు, ఆ మాట చెప్పిన స్నేహితురాలికి కూడా నచ్చజెప్పు. బియ్యానికి బోరిక్ పౌడరు పట్టించే అలవాటు మన పక్క చాలా ఇళ్ళలో ఉంది. కడిగితే పోతుందంటారు గానీ, తినే గింజకు మందు పూసి ఆ తరువాత కడుక్కోవడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు, మన ఇంట్లో ఎన్నడూ వాడలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. సరుకు చెడిపోవడానికి పురుగు, బూజు, ముక్క వాసన అని మనం వేరువేరు పేర్లు చెప్పుకుంటాము గానీ, వీటిలో చాలా వాటికి మూలం చెమ్మ. నువ్వు ఇప్పుడు ఉన్నది విశాఖపట్నంలో, అదీ సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో. ఇక్కడ మే నెలలో డాబా మీద పోసిన మిరపకాయలు ఒక్క పూటలో గలగలలాడతాయి. అక్కడ అదే ఎండలో ఒళ్ళంతా చెమట పడుతుంది తప్ప సరుకు అంత తొందరగా ఆరదు. అందుచేత మీ అమ్మ ఇక్కడ చేసినట్టే నువ్వు అక్కడ చేస్తే సరిపోదు, ఒక పూట ఎక్కువ ఆరబెట్టాలి.

నా కాపురం కొత్తలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఏడాదికి సరిపడా కందిపప్పు రెండు రోజులు ఎండబెట్టి, సాయంత్రం మబ్బు పట్టిందన్న కంగారులో, చేయి పెడితే కాలే వేడి మీదనే డబ్బాలకు ఎత్తి మూతలు బిగించాను. ఇరవై రోజుల తరువాత తీసి చూస్తే మూత లోపలి వైపు నీటి బొట్లు వరుసగా పట్టి ఉన్నాయి, పైపొర పప్పంతా ఉండలు కట్టి బూజు పట్టింది. మా అత్తగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చెడిన పప్పు తీసి పారబోసి, మిగిలినది మళ్ళీ చాప మీద పోసి, ఆ రాత్రి దాన్ని పలుచని పంచె కప్పి హాల్లోనే ఉంచి, తెల్లవారి చల్లబడిన తరువాత డబ్బాకు ఎత్తించారు. వేడి గింజలోని ఆవిరి మూత కింద చల్లారి నీరవుతుందని నాకు అప్పుడు తెలిసింది. నువ్వు కూడా ఎండబెట్టినది ఏదైనా సరే, పూర్తిగా చల్లారే వరకు మూత పెట్టవద్దు. అలాగని రాత్రంతా బాల్కనీలో వదిలెయ్యకు, మీ ఊరి రాత్రి గాలి మళ్ళీ చెమ్మ పట్టిస్తుంది. ఇంట్లో ఫ్యాను కింద ఆరనివ్వు.

ఆరిందో లేదో కంటితో చూసి చెప్పలేము. పప్పు బద్దను పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి. నొక్కుకుపోయి పంటికి అంటుకుంటే ఇంకా ఒక పూట ఎండ కావాలి. ఎండుమిరపకాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమనాలి, వంచితే మెత్తగా వంగకుండా విరగాలి.

నీ స్నేహితురాళ్ళ వాదనలో ఫ్రిజ్ అన్న ఆవిడ మాటా నిజమే, ఎండ అన్న ఆవిడ మాటా నిజమే, కాకపోతే వేరువేరు సరుకులకు. మిర్చి, చింతపండు, కందిపప్పు, మినప్పప్పు ఎండ చూడవలసినవి. గోధుమపిండి, శనగపిండి, రవ్వ ఎండలో పోసే వస్తువులు కావు. వీటికి, అందులోనూ నీలాగా సొంత డాబా లేని ఇంట్లో ఉండేవారికి, డీప్ ఫ్రీజర్ చక్కగా పనికివస్తుంది. కొత్తగా తెచ్చిన పొట్లాన్ని విప్పకుండానే మరొక కవరులో పెట్టి గట్టిగా మూసి, నాలుగు రోజులు ఫ్రీజరులో ఉంచితే అందులో పురుగే కాదు, కంటికి కనిపించని గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీసిన తరువాత మాత్రం తొందరపడి విప్పకు. చల్లటి పొట్లం మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. కవరు పైన పట్టిన నీరు తుడిస్తే పోతుంది, విప్పావంటే ఆ నీరు పిండికే పడుతుంది. ఒక రాత్రి బయట ఉంచి, పొద్దున విప్పి డబ్బాలో పోసుకో. ఉప్మా రవ్వను తెచ్చిన రోజే దోరగా వేయించి చల్లార్చి దాచుకుంటే ఫ్రీజరు పని కూడా ఉండదు.

పప్పు గురించి మరొక్క మాట. కందులు, పెసలు, బొబ్బర్ల వంటి గింజలను పొట్టుతో నిండుగా ఉంచితే పుచ్చు పురుగు గింజ మీదనే తెల్లని చుక్కల్లా గుడ్లు పెట్టి లోపలికి తొలుచుకుపోతుంది. బద్దలు చేసిన పప్పుకు ఆ బెడద బాగా తక్కువ. అందుకే మన పెద్దవాళ్ళు దాచుకునే కందులను పప్పు చేయించే దాచేవారు, నిండు గింజలుగా ఉంచవలసిన పెసలకు మాత్రం అరచేతికి కాస్త ఆముదం రాసుకుని గింజలకు పట్టించేవారు. ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు డబ్బాలో వేస్తే మంచిదే, కానీ వేపాకు చేత్తో నలిపితే పొడి అయ్యేంతగా ఎండి ఉండాలి. పచ్చి ఆకు వేస్తే మనమే చెమ్మను లోపల పెట్టి మూత వేసినట్టు.

చింతపండును పిక్కలూ ఈనెలూ తీసి, ఒక పూట ఎండలో ఉంచి, కళ్ళుప్పు చల్లుతూ జాడీలో అదిమి పెట్టు. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు దానికి పనికిరావు. ఆ పులుపు లోహాన్ని తింటుంది. ఉప్పుకు కూడా జాడీయే మేలు. బెల్లం మీకు అనకాపల్లి దగ్గరే కాబట్టి దాచవలసిన పని లేదు, వానాకాలంలో అది చెమ్మగిల్లి కారిపోతుంది, నెలకు చాలినంతే తెచ్చుకో.

అసలు ఎంత దాచాలన్నది కూడా ఆలోచించు. మేము తొమ్మిది మందికి వండిన లెక్క మీ ఇద్దరికి నేను చెప్పలేను. ఒక పని చెయ్యి: ప్రతి డబ్బాకు చిన్న కాగితం అంటించి, సరుకు పోసిన తేదీ, అడుగంటిన తేదీ మూడు నెలలపాటు రాసి చూడు. మీ ఇల్లు ఎంత తింటుందో అప్పుడు నీకే తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి కొనదగ్గవి కొన్నే ఉన్నాయి. కొత్త కందిపప్పు సంక్రాంతి తరువాత వస్తుంది, కొత్త చింతపండు శివరాత్రి దాటాక, గుంటూరు యార్డుకు కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు జోరుగా వస్తుంది. వీటిని ఆ కాలంలో తీసుకుంటే రుచీ ఉంటుంది, ధరా కలిసివస్తుంది. మిగిలినవన్నీ నెలనెలా తెచ్చుకోవడమే నీకు సుఖం. కొత్తది తెచ్చినప్పుడు పాతదాని మీద పోయవద్దు. పాతది పూర్తిగా వాడి, డబ్బా కడిగి, ఎండలో బోర్లించి ఆరిన తరువాతే పోయాలి. అంచుల్లో, మూత మరల్లో అంటుకున్న కాస్త పాత పిండి చాలు, కొత్త సరుకంతా పురుగు పట్టడానికి.

నువ్వు ఫోటోలో చూపించిన వంటగదిలో నూనె డబ్బా, కారం సీసా పొయ్యి పైన ఉన్న అలమరలో ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి తీసెయ్యి. అక్కడి వేడికి నూనె ముక్క వాసన వస్తుంది, కారం రంగు వెలిసిపోతుంది. సింకు కింద ఏ తిండి వస్తువూ పెట్టకు. బియ్యం బస్తాను నేల మీద కాకుండా పీట మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచు. మీ ఊళ్ళో వానలు పట్టాక గోడలు ఎంత చెమ్మగిల్లుతాయో నువ్వే చూస్తావు.

ఇక ఆవకాయ. ఈ ఏడు మీ వాటా కూడా నేనే కలిపాను. వచ్చే ఏడు నువ్వు పెట్టుకునేందుకు లెక్క రాస్తున్నాను: కిలో ముక్కలకు పావుకిలో ఆవపిండి, పావుకిలో కారం, పావుకిలోకి కాస్త తక్కువగా దంచిన కళ్ళుప్పు, అరలీటరు పప్పునూనె (నువ్వుల నూనె), గుప్పెడు మెంతులు. ఉప్పు మరీ తగ్గించకు. బూజు పట్టకుండా ఊరగాయను కాపాడేది ఆ ఉప్పే, పైన నిలిచిన నూనె గాలిని లోపలికి పోనివ్వదు. కాయలను కొట్టించే ముందే కడిగి, తడి లేకుండా తుడిచి ఆరనివ్వాలి. కొట్టిన తరువాత నీళ్ళు తగలకూడదు. జీడి తీసి, టెంక లోపలి పలుచని పొర ఒలిచి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి. ఈ తుడిచే పని విసుగు పుట్టిస్తుంది, అయినా దీనిలో తొందర పనికిరాదు. నలుగురు స్నేహితురాళ్ళు ఉన్నారు కదా, ఆ ఆదివారం కబుర్లు చెప్పుకుంటూ ముక్కలు తుడుచుకోండి, గంటలో అయిపోతుంది. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, చాలకపోతే అప్పుడే వెయ్యాలి.

నీ వాటా ఆవకాయను చిన్న జాడీకి ఎత్తి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, వచ్చే గురువారం మీ బాబాయి చేతికి ఇచ్చి పంపుతున్నాను. చేరగానే వాసెన విప్పి చూడు. ప్రయాణం కుదుపులకు నూనె కిందికి దిగి ముక్కలు పైకి తేలి ఉంటే, పొడి గరిటెతో అదిమి, ముక్క మునిగి పైన వేలెడు నూనె నిలిచేలా పప్పునూనె పొయ్యి. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, అంచులు పొడిగుడ్డతో తుడిచి, జాడీకి మళ్ళీ వాసెన కట్టు. పూటపూటా పెద్ద జాడీ తెరవకు. ఎప్పుడైనా పైన తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని గీసి పారేసి మిగిలినది తినాలని చూడకు, మొత్తం పారేసి నాకు ఫోను చెయ్యి, నా దగ్గర ఇంకా పెద్ద జాడీ ఉంది.

రోహిణీ కార్తె ఇంకా వారం రోజులు ఉంది. మృగశిర ప్రవేశించి వానలు పట్టే లోపల ఆ పురుగు పట్టిన పప్పును జల్లించి, పుచ్చినవి ఏరి, మీ తూర్పు బాల్కనీలో పది గంటల వరకు వచ్చే ఎండలో మూడు పూటలు పొయ్యి. మిర్చి మాత్రం అక్కడ ఆరదు, తీసుకుని మీ అపార్ట్‌మెంటు మేడ మీదికి వెళ్ళు.

ఇట్లు,
పెద్దమ్మ