కెమెరా కబుర్లు: పిట్ట ఎగరబోయే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లెన్సుల గురించే. వాటిలో ఒక్కదానికి జవాబు రాసి, మిగతా చోటంతా పిట్టలకూ మనుషులకూ ఉంచాను.

ప్రశ్న: మేడమ్, నాది 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 300 ఎంఎం లెన్సు. పిట్ట మరీ చిన్నగా పడుతోంది. క్రాప్ చేసి పెద్దది చేస్తే మసకబారుతోంది. 600 ఎంఎం లెన్సు కొనక తప్పదా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఇప్పుడే కొనొద్దు. ముందు చిన్న లెక్క చూడండి. ఫొటోను అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి కత్తిరిస్తే మిగిలేది నాలుగో వంతు. మీ 24 మెగాపిక్సెళ్లలో 6 మాత్రమే చేతికొస్తాయి. మసకబారక ఏమవుతుంది? అదే మీరు ఇప్పుడున్న దూరంలో సగానికి చేరగలిగితే పిట్ట రెండింతల పొడవూ రెండింతల వెడల్పూ పడుతుంది. 600 లెన్సు చేసిపెట్టేదీ అంతే.

చేరడం ఎలా అంటారా? వెంటపడితే చేరలేం. నేను మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మొదటి నాలుగేళ్లూ నా దగ్గరున్నది 250 ఎంఎం లెన్సే. చెరువు గట్టు పక్కన నీళ్లలో ఒక వంగిన గుంజ ఉండేది. దాని మీద ఒక లకుముకి పిట్ట కూర్చునేది. నేను నాలుగడుగులు వేయగానే తుర్రుమనేది. విసుగొచ్చి ఒక వారం పాటు కెమెరా సంచిలోంచి తీయకుండా దూరంగా కూర్చుని చూశాను. అది ఎటు ఎగిరినా చేపను పట్టుకుని మళ్లీ ఆ గుంజ మీదకే వస్తోంది. చేపను గుంజకేసి నాలుగైదుసార్లు బాది, తల వైపు నుంచి మింగుతోంది. మింగాక కాసేపు రెక్కలు సర్దుకుంటుంది. తర్వాతి వారం తెల్లవారకముందే వెళ్లి, ఆ గుంజకు ఏడెనిమిది మీటర్ల దూరంలో పొద పక్కన నేల మీద కూర్చున్నాను. వెలుగొచ్చాక అది వచ్చి వాలింది. నన్ను చూసింది కూడా. నేను కదల్లేదు, దాని పని అది చేసుకుంది. ఆ ఉదయం తీసిన ఫొటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

నూరేళ్ల కిందటే ఈ అవస్థ పడినవాళ్లున్నారు. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు పిట్టలకు దగ్గరగా ఉండడం కోసం బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాక్కుని ఫొటోలు తీశారు. మీకు అంత అవసరం లేదు. ముదురు రంగు బట్టలు వేసుకుని, నిలబడకుండా కూర్చుంటే చాలావరకు సరిపోతుంది. కూర్చుంటే ఇంకో లాభం కూడా ఉంది. కెమెరా పిట్ట కంటి ఎత్తుకు దిగుతుంది, వెనక ఉన్న చెత్తాచెదారం దూరమై మెత్తగా కలిసిపోతుంది.

మధ్యాహ్నం తీసినవే మసకగా ఉంటున్నాయంటే మాత్రం లెన్సును అనుమానించకండి. వేడెక్కిన నేల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ కదలికే ఫొటోలో దిగుతుంది. ఎంత పెద్ద లెన్సు పెట్టినా పోదు.

ప్రశ్న: మా బాల్కనీలో పూలకుండీ మొక్కలో పికిలిపిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. ఆకులు అడ్డొస్తున్నాయి. ఒకటి రెండు కొమ్మలు పక్కకు కట్టి, పిల్లలు ఎగిరేదాకా రోజూ ఫొటోలు తీద్దామనుకుంటున్నాను. తీయొచ్చా?
– ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా. ఆ కొమ్మలు ముట్టుకోవద్దు. ఈ సంచిక మీ చేతికి అందేలోగా ఏమవుతుందోనని మీకు ముందే విడిగా ఉత్తరం రాశాను. అయినా అందరూ చదవాలని ఇక్కడా రాస్తున్నాను.

నేను మొదలుపెట్టిన రెండో ఏడు సరిగ్గా ఇదే పని చేశాను. మా డాబా మీది మొక్కలో గూడు. మూడు ఆకులు మాత్రమే దారంతో పక్కకు లాగి కట్టాను. ఫొటోలు చాలా బాగా వచ్చాయి. మర్నాడు పొద్దున వెళ్లేసరికి గూడు ఖాళీ. పిట్టగోడ మీద ఒక కాకి. తల్లిపిట్ట ఆ రోజంతా ఆ మొక్క చుట్టూ తిరుగుతూ అరిచింది. ఆ ఫొటోలు నేను ఎవరికీ చూపించలేదు, డిలీట్ చేసేశాను. ఆ అరుపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మనకు అడ్డుగా కనిపించే ఆ ఆకులే గూటికి కప్పు. ఎండ నేరుగా పడితే గుడ్లు వేడెక్కిపోతాయి. మనం రోజూ వెళ్లి నిలబడితే తల్లి అంతసేపూ గూటికి దూరంగా ఉండాలి. కాకులకు చూపు ఎక్కువ. మనం పదేపదే ఎటు తొంగిచూస్తున్నామో అవి గమనిస్తాయి. పికిలిపిట్ట సుమారు రెండు వారాలు పొదుగుతుంది. ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. నెల రోజులు ఆ బాల్కనీని వాళ్లకు వదిలేసినట్టు అనుకోండి. నీళ్లు పోయాలంటే త్వరగా పోసి వచ్చేయండి.

ఫొటో తీయాలనే ఆశ ఉంటే గది లోపల, తెర చాటున కూర్చుని కిటికీ అద్దంలోంచి తీయండి. ఫ్లాష్ ఆపేయండి. గూటి మీద కాకుండా, నోట పురుగుతో కడ్డీ మీద వాలే తల్లి మీద దృష్టి పెట్టండి. ఒక్క గుర్తు మరిచిపోవద్దు. ముక్కున పురుగు పెట్టుకుని, గూటికి వెళ్లకుండా అటూ ఇటూ గెంతుతూ అరుస్తోందంటే మీరు ఉన్న చోటు దానికి నచ్చలేదు. వెంటనే లేచి వెనక్కి వెళ్లిపోండి.

ప్రశ్న: ఎగిరే పిట్టల ఫొటోలు ఎప్పుడూ షేక్ అయినట్టే వస్తున్నాయి. తెల్ల కొంగ అయితే సున్నం ముద్దలా పడుతోంది.
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: ముందు షట్టర్ వేగం, అంటే కెమెరా తెర ఎంతసేపు తెరుచుకుంటుందన్నది. కొంగ, గద్ద లాంటి పెద్ద పిట్టలకు 1/2000 సెకను పెట్టండి. చిన్నవాటికి 1/3200 దాకా వెళ్లండి. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగును పెంచుకునే స్థాయి, పెరిగి ఫొటో గరుకవుతుందని భయపడొద్దు. గరుకుదనాన్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును ఎవరూ బాగుచేయలేరు.

సున్నం ముద్ద సంగతి: కెమెరా తన ముందున్న దృశ్యాన్ని సగటు వెలుగుకు తేవాలని చూస్తుంది. వెనక నల్లటి నీళ్లుంటే మొత్తాన్ని తెల్లబరుస్తుంది, ఆ దెబ్బకు కొంగ ఈకల్లో గీతలన్నీ పోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1కి తిప్పండి. అదే తెల్లటి ఆకాశం ముందు కాకిని తీస్తుంటే ప్లస్ 1.

ఇక అసలు విషయం. పిట్ట ఎగిరాక బటన్ నొక్కితే చాలాసార్లు తోకే దక్కుతుంది. ఎగరబోయే ముందు అది చెబుతుంది. ఒళ్లు కాస్త ముందుకు వంచుతుంది, కాళ్లు ముడుస్తుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది. రెట్ట వేసిందంటే వేలు బటన్ మీద ఉండాలి. గాలి కూడా చూసుకోండి. పిట్టలు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే పిట్ట ముఖం మీ వైపు ఉంటుంది. ఎండా వీపు వైపే ఉంటే ఆ రోజు మీదే.

ఎగిరే పిట్టను తీయడానికి ఎంత ఆరాటమో చూడండి: ఎటియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేశాడు. అది సెకనుకు 12 ఫొటోలు తీసేది. పిట్ట రెక్క ఎలా కదులుతుందో తెలుసుకోవడమే ఆయన కోరిక. నాకు ఆయనంటే చాలా ఇష్టం.

ప్రశ్న: నేను పదో తరగతి. ఫోన్‌తో బస్‌స్టాప్, దుకాణాలు, పనిచేసుకునేవాళ్లను తీయాలని ఉంటుంది. కానీ మనుషుల ముందు ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్. ఎవరైనా తిడతారేమోనని. ఏం చేయాలి ఆంటీ?

జవాబు: టెన్షన్ ఉండడం మంచిదే తల్లీ. ఎదుటివాళ్లకు ఇబ్బంది అవుతుందేమోనన్న ఆలోచన నీకు ఉందన్నమాట. దాన్ని పోగొట్టుకోకు.

ముందు మనుషులు లేని దృశ్యాలతో మొదలుపెట్టు. తీగ మీద ఆరేసిన బట్టల నీడ, వాన వెలిశాక బస్సు అద్దం మీది చుక్కలు, తాళం వేసిన దుకాణం ముందు నిద్రపోతున్న కుక్క. ఆ తర్వాత రోజూ ఒకే చోటికి వెళ్లు. పైన లకుముకి పిట్ట గురించి రాశాను కదా, మనుషులతోనూ అదే పద్ధతి. మా వీధిలో ఒక టైలర్ ఉండేవారు. కిటికీ పక్కన ఆయన మిషను, వెలుగు ఒక పక్క నుంచే పడేది. "అన్నయ్యా, మీరు కుడుతుంటే ఫొటో తీసుకోనా?" అని అడిగాను. సరే అని జుట్టు దువ్వుకుని, బిగుసుకుని కూర్చున్నారు. ఆ ఫొటోలూ తీశాను, ఆయనకు అవే కావాలి కాబట్టి. నేను అక్కడే కూర్చున్నాను. అరగంట తర్వాత నన్ను మరిచిపోయి, సూదిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి దారం ఎక్కించారు. నాకు కావలసింది అది. రెండూ ప్రింట్లు వేయించి ఇచ్చాను. బిగుసుకుని కూర్చున్నదే ఆయన గోడకు తగిలించుకున్నారు.

ఎవరైనా చెయ్యి అడ్డుపెడితే ఫోన్ దించెయ్. తీసేసి ఉంటే వాళ్ల ఎదురుగానే డిలీట్ చెయ్. చిన్నపిల్లలను వాళ్ల అమ్మానాన్నలను అడగకుండా తీయొద్దు. ఏడుస్తున్నవాళ్లను, జబ్బుతో ఉన్నవాళ్లను అసలే వద్దు. మొదట్లో నీకు తెలిసిన పెద్దవాళ్లెవరినైనా తోడు తీసుకెళ్లు.

ఫోన్ లెన్సును ముందు మెత్తటి గుడ్డతో తుడువు, చాలామంది ఫొటోల మసక అక్కడే ఉంటుంది. మరీ జూమ్ చేయకు, రెండడుగులు ముందుకు వెళ్లు.

ప్రశ్న: రిటైరయ్యాక పదేళ్లుగా తీస్తున్నాను. హార్డ్ డిస్కులో నలభై వేల ఫొటోలున్నాయి. వీటిని ఏం చేయాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఇకనుంచి తీసిన రోజు సాయంత్రమే ఏరండి. నేను రెండు వందలు తీస్తే ఐదో ఆరో ఉంచుతాను. కన్ను స్పష్టంగా లేనివి ముందు పోతాయి. అరుదైన పనేదైనా చేస్తున్న పిట్టదైతే మసకగా ఉన్నా ఉంచుతాను. ఉంచిన ప్రతిదానికీ తేదీ, చోటు, అది అప్పుడు ఏం చేస్తోందో ఒక ముక్క రాసి పెడతాను.

పాతవాటిలో తేదీ, చోటు తెలిసినవి మీకే కాదు, అందరికీ పనికొస్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం వారి పక్షి పరిశోధనశాల 2002లో మొదలుపెట్టిన వెబ్‌సైటు ఈబర్డ్‌లో ప్రపంచమంతటి నుంచీ మామూలు మనుషులు తాము చూసిన పిట్టల జాబితాలు పెడుతున్నారు. ఫొటోలూ జతచేయొచ్చు. పాత తేదీలతో కూడా పెట్టనిస్తారు. గూళ్లు ఉన్న చోటు, గుడ్లగూబ పగలు నిద్రపోయే చెట్టు మాత్రం బయటపెట్టకండి.

నలభై వేలూ ఒకేసారి తెరిస్తే మీరు అలసిపోతారు. పిట్ట పేరు తెలియనివన్నీ ముందు ఒక ఫోల్డర్‌లోకి తీయండి. వాటిలో పది నాకు పంపండి, వచ్చే నెల ఇక్కడే కలిసి చూద్దాం.