ప్రొఫైలింగ్‌కి గీటు పెడదామా?

సందేహం: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ‘విడుదల-పూర్వ నిర్మాణములందు పార్శ్వచిత్రీకరణ ప్రారంభించబడుట వలన పనితీరు ప్రభావితం చేయబడును’ అని రాస్తే ఆఫీసులో నవ్వారు. విషయం ఇదీ: బీటాలో, అంటే విడుదలకు ముందు కూర్పులో, ప్రొఫైలింగ్ ఆన్ చేస్తే ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటోందో తెలుస్తుంది, కానీ ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది. సరైన మాట చెప్పండి.

సమాధానం: నవ్వినవాళ్ల తప్పేమీ లేదు నాయనా. ‘ఆన్ చేస్తే’ అనే చక్కటి మాట ఉండగా ‘ప్రారంభించబడుట’ దేనికి? పార్శ్వచిత్రమంటే పక్కనుంచి చూసిన ముఖం. ఇక్కడ ముఖమెవరిది?

ప్రొఫైల్ ఇటాలియన్ ‘ప్రొఫీలో’ నుంచి వచ్చింది. అందులోని ‘ఫీలో’ అంటే దారం. రూపం అంచు వెంట గీసిన గీత అన్నమాట. గీత అనగానే నాకు గీటురాయి గుర్తొస్తుంది. గీయు, గీత, గీటు ఒక ఇంటివే. (కన్ను గీటడం సంగతి ఇప్పుడొద్దు.) ఒరసి చూస్తారు కనక దీన్నే ఒరగల్లు అనీ అన్నారు. మా వీధి కంసాలి ఉంగరం అంచును నల్లరాయి మీద ఒక్కసారి గీసి, ఆ పచ్చటి చారను బట్టి వన్నె చెప్పేవాడు. ఆనక మైనం ముద్దతో చారను అద్ది తీసేవాడు. రాయికి అంటింది కూడా బంగారమే మరి! మీరు చెప్పే నెమ్మది ఆ అంటిన బంగారమే.

బంగారానికి నాలుగు పరీక్షలంటుంది సంస్కృత శ్లోకం: ఒరయడం, కోయడం, కాల్చడం, కొట్టడం. మా అల్లుడూ మీ వృత్తివాడే. అతను చెప్పింది విన్నాక మీ దగ్గరా ఒరపిడి వేరు, కోత వేరు అని తెలిసింది. జీప్రాఫ్ అనే ప్రొఫైలింగ్ పనిముట్టు కోసం కంపైల్ చేస్తే (రాసిన కోడును యంత్రభాషలోకి మారిస్తే) ప్రతి ఫంక్షన్ మొదట్లో లెక్క రాసుకునే పిలుపొకటి చేరుతుంది. అది కోత. చిన్న ఫంక్షన్లు లక్షలసార్లు నడిస్తే వాటి బరువు ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. ప్రోగ్రామ్‌ను అప్పుడప్పుడూ ఆపి, ఎక్కడున్నావని అడిగే శాంప్లింగ్ ఒరపిడి. దానికీ ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో జాడ కావాలి. అందుకు ఆ జాడ చూపే ఫ్రేమ్ పాయింటర్ అనే గుర్తును ఉంచితే, 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్‌లో లెక్కలకు వాడుకునే 16 రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న అరల్లో) ఒకటి దానికే పోతుంది. లినక్స్ రకాలైన ఫెడోరా 38 (2023లో), ఉబుంటు 24.04 (2024లో) ఆ నష్టానికి ఒప్పుకుని, విడుదలైన సరుకులోనూ దాన్ని ఉంచేశాయి. చాలాచోట్ల పోయేది ఒకటి రెండు శాతమేనట. పైథాన్‌లో కొన్ని పరీక్షల్లో మాత్రం 10 శాతం దాకా.

ఇలా ఒకటి పొందడానికి మరొకటి వదులుకోవడాన్ని ఇంగ్లీషులో ట్రేడాఫ్ అంటారు. దానికి ‘వర్తకం’ అనకండి. లాభనష్టాల బేరీజు అంటే సరిపోతుంది.

‘బీటాలో గీటు పెట్టి చూస్తే ప్రోగ్రామ్ కాస్త నెమ్మదిస్తుంది’ అని నేనైతే రాస్తాను. అందరికీ అర్థమవుతుందా అంటే చెప్పలేను. ‘ప్రొఫైలింగ్’ అనే ఉంచినా ఎర్రసిరా తీయను. ‘చేయబడును’ను మాత్రం కొట్టేస్తాను.