పసిగుడ్డుకు సిల్డెనాఫిల్ ఎందుకు?

దేవరకొండ నుంచి మీరడిగింది: నెలలు నిండిన బిడ్డ పుట్టిన నాలుగు గంటలకే నీలం తిరిగిండు, నల్లగొండ దవాఖానలో పీపీహెచ్‌ఎన్ (పుట్టాక కూడా ఊపిరితిత్తుల రక్తనాళాలు వదులవక బిగిసే ఉండే జబ్బు) అని సిల్డెనాఫిల్ ఇస్తున్నరు, అది మగవాళ్ల గోలి (వయాగ్రా) కదా అని. పేరు చూసి భయపడకండి, ఈ జబ్బులో అది సరైన మందే.

కడుపులో ఊపిరి పని మాయదే. ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, నీళ్లుంటాయి. వాటి రక్తనాళాలు బిగుసుకొని ఉంటాయి. పుట్టి ఏడ్వగానే గాలి, ఆక్సిజన్ తగిలి నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది. దానివల్ల కండరంలో సైక్లిక్ జీఎంపీ అనే సంకేత రసాయనం పెరిగి నాళం వదులవుతుంది, రక్తం ఎనిమిది పది రెట్లు పారుతుంది. ఆ జీఎంపీని విరగ్గొట్టేది పీడీఈ-5 అనే ఎంజైమ్. సిల్డెనాఫిల్ దాన్ని అడ్డుకుంటుంది, అంతే.

ఈ స్పందన పుట్టుకకు దగ్గరపడేకొద్దీ వస్తుంది. గొర్రెకు చూడి దాదాపు 147 రోజులు. 100 రోజుల పిండానికి ఆక్సిజన్ పెంచినా ఊపిరితిత్తుల నాళాలు దాదాపు కదలవు, 135 రోజులకు బాగా తెరుచుకుంటాయి.

ఆక్సిజన్ ఇంకా పెంచమని మనవాళ్లు సిస్టర్లను ఒత్తిడి చేస్తారు. దయచేసి చేయకండి. 100 శాతం ఆక్సిజన్‌లో ఎక్కువసేపు ఉంటే పుట్టే సూపర్‌ఆక్సైడ్ అనే హానికర రసాయనం నైట్రిక్ ఆక్సైడ్‌ను తినేస్తుంది, పీడీఈ-5నూ పెంచుతుంది. తర్వాత ఇచ్చే మందు సరిగా పట్టదు. కుడిచేతి రక్తంలో ఆక్సిజన్ 91 నుంచి 95 శాతం చాలు.

కుడి అరచేతికి ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ ఒకటి, కాలికి ఒకటి ఎందుకు పెట్టారో చూడండి. చేతిలో 94, కాలిలో 82 ఉంటే చెడు రక్తం (ఆక్సిజన్ తక్కువున్నది) డక్టస్ (పిండంలో ఊపిరితిత్తుల నాళాన్ని పెద్ద ధమనితో కలిపే నాళం) దారిలో కిందికి పోతోందన్నమాట. రెండూ సమానంగా తక్కువున్నా పీపీహెచ్‌ఎన్ కాదని కాదు. కాబట్టి ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. ఎడమ గుండె లోపాలు కొన్నింటిలో నాళాలు వదులు చేసే మందు హాని చేస్తుంది.

నోటి డోసు కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా., ఆరు గంటలకోసారి, అవసరమైతే 2 దాకా. 3 కిలోల బిడ్డకు 1.5 మి.గ్రా.తో మొదలు. 20 మి.గ్రా. గోలి నూరి 20 మి.లీ. చేస్తే మి.లీ.కి 1 మి.గ్రా. వస్తుంది. కానీ పొడి అడుగుకు దిగుతుంది, కుదపకుండా లాగితే డోసు తప్పుతుంది. ఇది వార్డులోనే జరగాలి, ఇంట్లో కాదు. ఒంట్లో బీపీ పడిపోతే చెడు రక్తం ఇంకా ఎక్కువ కలుస్తుంది, అందుకే మాటిమాటికీ బీపీ చూస్తారు.

హైదరాబాద్ పంపితే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ 20 పీపీఎంతో (పది లక్షల వంతుల్లో 20) మొదలవుతుంది. 5కి దించాక ఒక్కొక్కటిగా తగ్గిస్తారు, ఒక్కసారిగా ఆపితే నాళాలు మళ్లీ బిగుస్తాయి. దారిలో బిడ్డ చల్లబడినా అంతే, ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గనీయొద్దు.

ఒకటి అడగాలి: కాన్పుకు ముందు నడుంనొప్పికి తల్లి మెడికల్ షాపు నుంచి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మింగిందా? కడుపులో ఉండగానే అవి డక్టస్‌ను మూసేయగలవు. అప్పుడు రక్తమంతా బిగిసిన ఊపిరితిత్తుల మీదికి వచ్చి నాళాల కండరం మందమవుతుంది. అదే ఐబుప్రోఫెన్‌ను నెలలు నిండని బిడ్డకు పుట్టాక డక్టస్ మూయడానికే ఇస్తారు! ఆ గోలీల స్ట్రిప్‌లు ఇంట్లో ఉంటే తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.