అపాస్ట్రఫీ కొడితే ఎర్రర్ వస్తోందా? వెంటనే పట్టించుకోండి

ప్రశ్న: కోవూరులో రొయ్యల మేత డీలర్‌షిప్ నడుపుతున్నాం. ఖాతాల సాఫ్ట్‌వేర్ మా మేనల్లుడే చేసిపెట్టాడు. డేటా క్లౌడ్‌లో ఉంటుంది. 'రెడ్డీస్ ఆక్వా' అని ఇంగ్లిష్‌లో కొడితే ఎర్రర్, మధ్యలో అపాస్ట్రఫీ తీసేస్తే సేవ్ అవుతోంది. "ఆ గుర్తు వాడొద్దు మామా, అంతే" అంటున్నాడు. అలా వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకండి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్ నుంచి, కావలి మెడికల్ షాపు నుంచి, ఒంగోలు కోచింగ్ సెంటర్ నుంచి కూడా నాకు ఇదే ఫిర్యాదు వచ్చింది. ఆ గుర్తు కొట్టొద్దన్న సలహానే వాళ్లకూ ఇచ్చారట. ఎర్రర్ కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ సలహా.

మీరు బాక్సులో కొట్టిన పేరును ఆ ప్రోగ్రాం నేరుగా డేటాబేస్ ఆదేశంలో అతికించి పంపుతోంది. అపాస్ట్రఫీ దగ్గర పేరు అయిపోయిందనుకుని, మిగిలిన అక్షరాలను డేటాబేస్ ఆదేశంగా చదువుతోంది. అర్థం కాలేదు కాబట్టి ఎర్రర్ ఇచ్చింది. అర్థమయ్యేలా ఎవరైనా రాస్తే ఎర్రర్ రాదు, రాసింది జరిగిపోతుంది.

రైతు తన ఫోన్ నంబరు తానే మార్చుకునే పేజీ ఉందనుకోండి. నంబరు బదులు ఎవరో ఒక సింగిల్ కొటేషన్ (అదే అపాస్ట్రఫీ), కామా, 'బాకీ = 0', చివర రెండు హైఫన్లు కొట్టారు. హైఫన్ల తర్వాత ఉన్నది కామెంట్, అంటే ఆదేశం కాని వట్టి రాత అనుకుని డేటాబేస్ వదిలేస్తుంది. 'ఈ ఖాతాకు మాత్రమే' అని చెప్పే వేర్ కండిషన్ ఉండేది సరిగ్గా అక్కడే. దాంతో అందరి బాకీలూ సున్నా అవుతాయి. కాలమ్ పేరు వాళ్లకెలా తెలుస్తుందంటారా? చాలా ప్రోగ్రాముల్లో ఎర్రర్ మెసేజే దాన్ని తెరమీద చూపిస్తుంది.

అన్నీ సున్నా అయితే ఆ పొద్దునే తెలిసిపోతుంది. ఒక్క ఖాతాలో పదివేలు తగ్గించి ఊరుకుంటే? రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క చూసుకునేటప్పుడు మీరొక అంకె, రైతు ఒక అంకె చెబుతారు. ఏది నిజమో తేల్చే కాగితం ఉండదు. డేటా దొంగతనం కంటే డేటా మార్పే నాకు పెద్ద టెన్షన్.

'క్లౌడ్‌లో ఉంది కదా' అన్న ధీమా వద్దు. క్లౌడ్ వాళ్లు డిస్కును కాపాడతారు, డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తారు. మీ ప్రోగ్రాం లాగిన్‌తో వచ్చిన ఆదేశాన్ని మాత్రం మీరే పంపారనుకుని అమలు చేస్తారు.

ఈ లోపం గురించి 1998లోనే ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో వచ్చింది. విరుగుడు కూడా పాతదే, పారామీటర్ స్టేట్‌మెంట్. ఆదేశంలో విలువల చోట ప్రశ్నార్థకమో, అట్ గుర్తు పెట్టిన పేరో ఉంచి, అసలు విలువలను విడిగా పంపుతారు. బ్యాంకు చలానాలో పేరు గడిలో ఏం రాసినా అది పేరే అయినట్టు, ఇక్కడ కూడా ఏం కొట్టినా అది విలువగానే మిగులుతుంది. కొత్త ఖాతా చేర్చేటప్పుడు, మార్చేటప్పుడు, తీసేసేటప్పుడు, వెతికేటప్పుడు కూడా ఇలాగే రాయాలి. ఆదేశాన్ని ముందే సిద్ధం చేసే 'ప్రిపేర్' ఫంక్షన్‌ను పిలిచి, లోపల మళ్లీ ప్లస్ గుర్తుతో పేరు అతికించిన కోడ్ చాలా చూశాను. అది మార్చినట్టు కాదు. టేబుల్, కాలమ్ పేర్లను పారామీటర్‌గా పంపడం కుదరదు. వాటిని ముందే రాసుకున్న జాబితాలోంచే ఎంచుకోవాలి.

మీ మేనల్లుడిని తిట్టకండి. అతికించి రాయడమే మన ఇంజినీరింగ్ ల్యాబ్ రికార్డుల్లో ఏటేటా కాపీ అవుతోంది. అవుట్‌పుట్ వస్తే మార్కులు వేసేస్తున్నారు. బాక్సులో ఒక అపాస్ట్రఫీ కొట్టి చూసే ఎగ్జామినర్ ఒక్కరు ఉన్నా ఆ పిల్లలు జన్మలో మర్చిపోరు. ఇరవై ఏళ్ల వయసులో నేర్చుకున్న ఆ అలవాటే ఇప్పుడు ఊళ్లో వ్యాపారుల అప్పుల పుస్తకాల్లోకి వచ్చేసింది. నాకు కోపం అక్కడే.

ముందు బ్యాకప్ తీయించండి. పారామీటర్లు పెట్టాక కూడా వేర్ మర్చిపోతే అన్ని ఖాతాలూ మారిపోతాయి. అందుకని ప్రతి మార్పూ ట్రాన్సాక్షన్‌లో (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగలిగే పద్ధతిలో) చేసి, ఎన్ని వరుసలు మారాయో చూసి, ఒకటి కాకపోతే రోల్‌బ్యాక్ చేయమనండి, అంటే వెనక్కి తీసుకోమనండి. ప్రోగ్రాం వాడే లాగిన్‌కు టేబుళ్లు తీసేసే హక్కు ఉంటే అదీ తీయించండి. అన్నీ అయ్యాక మీరే కూర్చుని 'రెడ్డీస్ ఆక్వా' అపాస్ట్రఫీతో సహా కొట్టండి. కొట్టింది కొట్టినట్టు సేవ్ కావాలి. ప్రోగ్రాం ఆ గుర్తును మింగేసి సేవ్ చేస్తే మాత్రం, మీ వాడిని మళ్లీ కూర్చోబెట్టండి.