క్రోమోజోమ్ నడుమ టెలోమియర్ వరుసలు: ఒక యువ సైన్సు రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మామూలుగా క్రోమోజోమ్‌ల చివరలను కాపాడుతూ, పదేపదే వచ్చే డీఎన్‌ఏ అక్షరాల వరుసలైన టెలోమియర్లు క్రోమోజోమ్‌ల నడుమ కూడా కనిపించడం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. భాష తేటగా ఉంది. అయితే ఆ వరుసలు అక్కడ ఉన్నాయనీ, వాటిపై ప్రోటీన్లు కూర్చుంటాయనీ, అలా కూర్చోవడం వల్ల కణంలో ఫలానా మార్పు వస్తుందనీ మూడు సంగతులను ఒకే వాక్యంలో కలిపేశావు. ఈ మూడింటినీ వేర్వేరు ప్రయోగాలు తేల్చాలి. మొదటిది రుజువైనంత మాత్రాన మూడోది రుజువైనట్టు పాఠకుడికి తోచేలా రాయకూడదు.

మొదటి సంగతికి నువ్వు ఎంచుకున్న ఉదాహరణ సరైనదే. చింపాంజీకి, గొరిల్లాకు 24 జతల క్రోమోజోమ్‌లు ఉండగా మనకు 23 జతలే ఉన్నాయి. పూర్వం విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోమ్‌లు చివరలతో కలిసిపోయి మన రెండో క్రోమోజోమ్ ఏర్పడింది. ఆ అతుకు దగ్గర టెలోమియర్ల వరుస అయిన టీటీఏజీజీజీ పదేపదే వచ్చి, ఒక చోట హఠాత్తుగా తిరగబడి సీసీసీటీఏఏగా (ఎదుటి పోగు మీద చదివితే అదే వరుస) సాగుతుందని 1991లో చూపించారు. అక్కడున్న వరుస మొత్తం సుమారు 800 బేస్ జతలే (డీఎన్‌ఏ అక్షరాల జతలు), అదీ చాలాచోట్ల చెదిరిపోయింది. కానీ దీన్ని చూసి నడుమనున్న ప్రతి టెలోమియర్ వరుసా పాత అతుకేనని రాశావు, అది తప్పు. పొట్టి వరుసల్లో చాలావాటిని తెగిన డీఎన్‌ఏను కణం మరమ్మతు చేసేటప్పుడు చొప్పించిన ముక్కలుగానే శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చైనా హ్యామ్‌స్టర్‌లోనైతే సెంట్రోమియర్ల (కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోమ్‌ను లాగడానికి పట్టు దొరికే చోట్ల) దగ్గర ఇవి పెద్ద పెద్ద దిమ్మెలుగా ఉన్నాయి. వీటన్నిటికీ ఒకే చరిత్ర అంటగట్టకు.

ఇక ప్రోటీన్ల విషయానికి వస్తే, నీ వ్యాసంలో అన్నిటికంటే పలుచగా ఉన్న భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తున్నాను. టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 అనే రెండు ప్రోటీన్లూ తమ చివరనున్న, మిబ్ అనే మరో ప్రోటీన్‌లోని దాన్ని పోలిన భాగంతో రెండు పోగుల డీఎన్‌ఏను నేరుగా గుర్తుపడతాయి. ఒక్కొక్కటీ తనలాంటి మరొకదానితో జతకట్టి పనిచేస్తుంది కనుక ప్రతి జతకూ డీఎన్‌ఏను పట్టుకునే చేతులు రెండుంటాయి. టీఆర్‌ఎఫ్1 విషయంలో ఈ రెండు చేతులూ పక్కపక్కనున్న చోట్లనే పట్టుకోవాలన్న నియమం లేదు. చెదిరిన వరుసల్లోనూ, అక్కడక్కడ మిగిలిన మంచి ముక్కల మీద అది నిలబడగలగడానికి ఇదొక కారణం కావచ్చు. మనిషిలో ర్యాప్1 అనే మరో ప్రోటీన్ మాత్రం టీఆర్‌ఎఫ్2ను ఆనుకుని డీఎన్‌ఏ దగ్గరకు చేరుతుంది. ఈస్ట్‌లో అదే కుటుంబపు ర్యాప్1 డీఎన్‌ఏను తానే పట్టుకుంటుంది, టెలోమియర్లతో పాటు రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువుల ముందు కూడా కూర్చుంటుంది. ఏ జీవి గురించి రాస్తున్నావో ప్రతి పేరాలోనూ చెప్పు. లేకపోతే ఈ తేడా మాయమైపోతుంది.

2011లో మనిషి కణాల్లో టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 నడిమి వరుసలపై ఉన్నాయని చూపించిన పరిశోధనలను నువ్వు ఉదహరించావు గానీ, ఆ సంగతి ఎలా తెలిసిందో చెప్పలేదు. డీఎన్‌ఏను దానిపైనున్న ప్రోటీన్లతో సహా ఫార్మాల్డిహైడ్‌తో అతికించి, ముక్కలు చేసి, కావలసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టి లాగి, వెంట వచ్చిన డీఎన్‌ఏను చదువుతారు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పునరావృత వరుస నుంచి వచ్చిన పొట్టి ముక్క అసలు టెలోమియర్‌దా, నడిమి వరుసదా అన్నది పక్కనున్న వేరే అక్షరాలు కూడా చదివితేనే తెలుస్తుంది. రెండోది ఇంకా సూక్ష్మమైనది: క్రోమోజోమ్ చివర వంగి నడిమి వరుసను తాకవచ్చుననీ, ఆ ఉచ్చును నిలపడంలో టీఆర్‌ఎఫ్2కూ కేంద్రకం లోపలి అంచుకు ఆకారమిచ్చే లామిన్ ఏ/సీ అనే ప్రోటీన్లకూ పాత్ర ఉందనీ 2014లో ఒక బృందం ప్రతిపాదించింది. అదే నిజమైతే, చివరలో కూర్చున్న ప్రోటీన్ కూడా నడుమ కూర్చున్నట్టు లెక్కకు రావచ్చు. ఈ సందేహాన్ని దాచకుండా రాసిన వ్యాసాన్నే నేను నమ్ముతాను.

మూడో సంగతికి గట్టి ఆధారం కావాలంటే ప్రోటీన్‌ను తగ్గించినప్పుడో, తొలగించినప్పుడో ఏమైందో చూపాలి. మన రెండో క్రోమోజోమ్ అతుకు దగ్గరి ప్రాంతం, డీఎన్‌ఏ నకలు తీసే పని మందగించినప్పుడు విరగడానికి సిద్ధంగా ఉండే పెళుసు స్థలమనీ, ఆ పెళుసుదనం టీఆర్‌ఎఫ్1 అదుపులో ఉందనీ 2012లో తేలింది. నీ వ్యాసానికి ప్రాణం పోయగలిగిన ఈ ఉదాహరణను ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. ఢిల్లీలోని ఐజీఐబీ (జన్యు పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల 2018 నాటి పరిశోధన మరో దారి చూపుతుంది: టెలోమియర్లు పొడవుగా ఉన్న కణాల్లో టీఆర్‌ఎఫ్2 చివరల దగ్గరే ఎక్కువగా ఉండి, దూరాన ఉన్న జన్యువుల ముందు తక్కువగా కనిపించింది. అంటే, నడుమ ఏం జరుగుతుందన్నది చివరల పొడవు మీద కూడా ఆధారపడవచ్చు. అయితే అక్కడ టీఆర్‌ఎఫ్2 కూర్చునే చోట్లన్నీ టీటీఏజీజీజీ వరుసలే కావు, గ్వానిన్‌లు (డీఎన్‌ఏలోని జీ అక్షరాలు) ఎక్కువై నాలుగు పోగులుగా మడతపడే చోట్లు కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ వేరువేరుగా చెప్పాలి.

నీ వ్యాసం మొదటి పేరాలో టెలోమియర్లకు వాడిన బూటు లేసు చివరి ప్లాస్టిక్ తొడుగు పోలికను తీసెయ్యి. చివరలను కాపాడటం గురించైతే అది సరిపోతుంది గానీ, లేసు మధ్యలో తొడుగు ఎందుకుంటుందన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు, నీ వ్యాసం విషయమేమో ఆ ప్రశ్నే. ముసలితనాన్ని గురించిన చివరి పేరా కూడా ఈ వ్యాసానికి అక్కరలేదు. ఆ జాగాలో హ్యామ్‌స్టర్ సంగతిని విస్తరించి రాసి, ప్రోటీన్ల భాగంతో కలిపి ముందు నాకు పంపు. తక్కినది తర్వాత చూద్దాం.