నీ క్రాకుఫ్ వ్యాసంలో ఒక ‘ట’ తగ్గింది

తమ్ముడూ,

పోలండ్‌లోని క్రాకుఫ్ ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, ఫోన్లో. రెండోసారి ప్రింటు తీసుకుని, పెన్సిలు పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పక్కా" అన్నావు కాబట్టి చెప్తున్నా, తర్వాత అలగకు. బెర్లిన్ నుంచి రాత్రి బస్సులో మీ నలుగురూ పడ్డ పాట్లు, తెల్లారుజామున బస్టాండులో టాయిలెట్‌కి చిల్లర లేక ఒకడి జేబులు ఇంకొకడు తడుముకోవడం, అదంతా భలే ఉంది, బస్సులో పైకే నవ్వాను. ఊళ్ళోకి అడుగుపెట్టాక మాత్రం నువ్వు మాయమైపోయావు. అక్కణ్ణుంచి మాట్లాడిందంతా టూర్ గైడే.

బాకా సంగతే తీసుకో. "1241లో తాతార్లు దాడికొచ్చినప్పుడు సెయింట్ మేరీ చర్చి గోపురం మీదున్న కాపలావాడు బాకా ఊది ఊరిని లేపాడు, అంతలో బాణం వచ్చి గొంతులో దిగింది, అందుకే ఈ రోజుకీ ఆ పాట మధ్యలో తెగిపోతుంది" అని రాశావు. వాక్యం బాగుంది. కానీ నువ్వు నిలబడి విన్న ఆ పెద్ద చౌకు ఉంది చూశావూ, రినెక్ గ్వూవ్నీ, దాన్ని కొలతలు వేసి ఏర్పాటు చేసిందే 1257లో, తాతార్లు, అంటే మంగోల్ సేనలు, ఊరిని తగలబెట్టిపోయిన తర్వాత. నువ్వు మెడ నొప్పెట్టేలా తలెత్తి చూసిన చర్చి పద్నాలుగో శతాబ్దపు కట్టడం. అంతకుముందు అక్కడ వేరే చర్చి ఉండేది, అది వేరే విషయం. ఈ బాణం కథ అందరి నోళ్ళలో పడింది ఇరవయ్యో శతాబ్దంలో. కాబట్టి బాణం "దిగింది" కాదు నాయనా, "దిగిందట".

ఈ ‘ట’ విలువ నాకు తెలిసొచ్చింది ఇరవై రెండేళ్ళ వయసులో. గోల్కొండ మీద నా మొదటి వ్యాసం ఒక వారపత్రికకి పట్టుకెళ్ళాను. కోట నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉంది అని, గైడు చెప్పింది చెప్పినట్టు, దీపం పట్టుకుని నేనే నడిచొచ్చినంత ధీమాగా రాశాను. ఆ సంపాదకుడు ఏమీ అనలేదు. ఎర్ర సిరా పెన్ను తీసి "ఉంది" పక్కన ఒక్క ‘ట’ చేర్చి కాగితం నా చేతిలో పెట్టాడు. "ఉందిట." ఆ రోజుల్లో నాకున్న పొగరుకి ఆ ఒక్క అక్షరం చెంపదెబ్బలా తగిలింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఆ వ్యాసంలో ఇంకా పదకొండు చోట్ల ‘ట’ పెట్టాల్సి ఉంది.

‘ట’ పెడితే కథ చప్పబడిపోతుందని భయపడకు. మన అమ్మమ్మలు కథంతా ‘ట’ల మీదే నడిపేవాళ్ళు కదా, మనమేమైనా నిద్రపోయామా? పైగా ‘ట’ పెట్టగానే విన్నదాన్ని ఒక పక్కన పెట్టేసినట్టవుతుంది, చూసినదానికి చోటు దొరుకుతుంది. ఆ బాకా ఊదేది ఎవరో నీకు తెలుసా? ఫైర్ సర్వీసు ఉద్యోగులు. గోపురం పైన డ్యూటీ వేసుకుని గంటగంటకీ నాలుగు దిక్కులకీ నాలుగుసార్లు ఊదుతారు, పగలూ రాత్రీ. మధ్యాహ్నం పన్నెండింటిది పోలిష్ రేడియోలో 1927 నుంచీ వస్తోంది. నేను వెళ్ళినప్పుడు, నవంబరు, సాయంత్రం నాలుగింటికే చీకటి, ఊదడం అయిపోయాక ఆ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి కింద ఉన్నవాళ్ళకి ఊగింది. అంతే, తర్వాత కిటికీ మూసుకుంది. నాకు ఆ ఊరు గుర్తుండిపోయింది ఆ చేతితోనే. నీ హాస్టల్ చౌకు పక్క సందులోనే అన్నావు. మరి రాత్రి రెండింటికి నీకు వినపడలేదా? వినపడితే ఒక్క వాక్యమైనా ఏదీ? మీ నలుగురిలో ఒకడైనా దిండు చెవికి అడ్డం పెట్టుకుని తిట్టుకునే ఉంటాడు. నాకు కావాల్సింది వాడు.

వావెల్ కొండ మీద కూడా ఇదే గొడవ. డ్రాగన్ కథ పేజీన్నర రాశావు, చెప్పులు కుట్టేవాడు గొర్రె తోలులో గంధకం కూరి పెట్టడం, అది తిని డ్రాగన్ విస్తులా నది నీళ్ళు తాగీ తాగీ పగిలిపోవడం. సరే. కానీ అక్కడి కేథడ్రల్ గుమ్మం పక్కన గొలుసులకి వేలాడే పెద్ద పెద్ద ఎముకల్ని రాయలేదు. చూడలేదా? డ్రాగన్‌వని ఊరి మాట. అవి కిందపడ్డ రోజు యుగాంతమట. ఎముకలు మాత్రం నిజంవే, ఏవో పాత కాలపు పెద్ద జంతువులవి. ‘ట’, ‘ట’ కానిదీ ఒకే గొలుసుకి వేలాడుతుంటే నువ్వు పక్కనుంచి సెల్ఫీ దిగి వచ్చేశావన్నమాట.

ఇంకొకటి, పోలికలు. అక్కడి చిల్లు రొట్టె ఒబ్వజానెక్‌ని "మన గారె లాంటిది" అన్నావు. చిల్లు తప్ప గారెకీ దానికీ ఏం సంబంధం? పిండిని తాళ్ళలా పేని, చుట్టి, వేడి నీళ్ళలో ఒక్క ముంచు ముంచి, ఆ తర్వాత పొయ్యిలో కాలుస్తారు. పేరులోనే ఆ ఉడకబెట్టడం ఉంది. పైన ఉప్పు రాళ్ళో నువ్వులో గసగసాలో. పొద్దున కొంటే పైపొర కరకరలాడి లోపల మెత్తగా సాగుతుంది, సాయంత్రానికి అదే దవడకి పరీక్ష. 2010లో యూరోపియన్ యూనియన్ దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. తెలియని వస్తువు కనపడగానే ఇంటి వస్తువుతో ముడేస్తే పాఠకుడు ఇంట్లోనే కూర్చుండిపోతాడు. దాన్ని నమలనీ ముందు.

వియెలిచ్కా ఉప్పు గనికి నువ్వు రాసిన రెండు పేజీలు తీసేసినా నష్టం లేదు. వంద మీటర్ల లోతున ఉప్పుతో చెక్కిన ప్రార్థనా మందిరం, ఉప్పు స్ఫటికాల షాండ్లియర్లు, అందరూ రాసేశారు. మీ స్నేహితుడు గోడ నాకి "ఉప్పే రా" అన్న మాట ఒక్కటీ ఉంచు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ ‘ట’ పెట్టమని చెప్పి ఇప్పుడు తీసెయ్యమంటున్నాను. కజిమియెష్ గురించి రాస్తూ "నాజీలు ఇక్కడి ఘెట్టోలో యూదుల్ని బంధించారట, చంపారట" అన్నావు. మొదటిది, ఘెట్టో అక్కడ లేదు. కజిమియెష్ యూదులు తరాల తరబడి బతికిన పేట. 1941 మార్చిలో వాళ్ళని నది అవతల పొద్గూజెకి తరిమి, మూడు వేల మంది ఉండే చోట పదిహేను వేల మందిని కుక్కి గోడ కట్టారు. ఒక ప్రసిద్ధ హాలీవుడ్ సినిమాలో ఘెట్టో సన్నివేశాలు కజిమియెష్ సందుల్లో తీశారు, అందుకే వెళ్ళినవాళ్ళలో చాలామంది నీలాగే పొరబడతారు. రెండోది, అక్కడ ‘ట’ లేదు. బంధించారు. చంపారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో ఆ ఘెట్టోని ఖాళీ చేశారు. పనికొస్తారనుకున్నవాళ్ళని ప్వాషూఫ్ శిబిరానికి తోలారు, మిగతావాళ్ళలో కొందర్ని వీధుల్లోనే కాల్చారు, కొందర్ని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు. అన్నీ రికార్డుల్లో ఉన్నాయి. ఇలాంటి చోట ‘ట’ పెడితే నువ్వు అనుమానిస్తున్నావన్న అర్థం వస్తుంది, నీకా ఉద్దేశం లేకపోయినా సరే. ఆష్విట్జ్‌ని "పోలిష్ క్యాంపు" అన్నావు, అదీ దిద్దుకో. ఆక్రమించిన పోలండ్ గడ్డ మీద నాజీ జర్మనీ కట్టి నడిపిన శిబిరం అది. పదకొండు లక్షల మంది పోయిన చోటుని "మధ్యాహ్నం హాఫ్ డే ట్రిప్" అని ఒక పేరాలో పెట్టి, తర్వాతి పేరాలో పియెరోగి తిన్నారు మీరు. తిన్నందుకు నేనేమీ అనను, ఆకలి ఎవరికైనా వేస్తుంది. కానీ ఈ వ్యాసంలోంచి ఆ పేరా తీసెయ్. రాయగలిగిన రోజున విడిగా రాద్దువుగాని.

పొద్గూజెలో ఘెట్టో వీరుల చౌకు అని ఉంది. జనాన్ని రైళ్ళెక్కించడానికి పోగేసింది అక్కడే. వాళ్ళు వెళ్ళాక వాళ్ళ సామాన్లు, కుర్చీలు బల్లలు ఆ చౌకులోనే పడి ఉండేవి. ఇప్పుడక్కడ ఖాళీ లోహపు కుర్చీలు డెబ్బై దాకా నిలబెట్టారు, 2005లో. కొన్ని పెద్దవి, మనిషి కూర్చునే కుర్చీ కంటే ఎత్తు. చిన్నవి అంచుల్లో, ట్రామ్ స్టాపు దగ్గర. నేను వెళ్ళిన రోజు ఒకామె కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ చిన్న కుర్చీలో కూర్చుని ట్రామ్ కోసం చూస్తోంది. సంచీలోంచి ఉల్లికాడలు బయటికి వేలాడుతున్నాయి. నేను కూర్చోవాలా వద్దా తేల్చుకోలేక నిలబడే ఉన్నాను, ఆవిడ నన్ను చూసి తన సంచీ కొంచెం జరుపుకుంది. అంతలో ట్రామ్ వచ్చింది.

నువ్వు పంపిన ఫొటోల్లో పన్నెండోది ఆ ట్రామ్ స్టాపే. మీ ముగ్గురు స్నేహితులు నిలబడి ఉన్నారు, ఫొటో తీసింది నువ్వు. వ్యాసంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఫొటో తీశాక నువ్వు కూర్చున్నావా లేదా? అది రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఉంటాను,
అక్క