మెకానికల్ చదివి ఫుల్ స్టాక్‌లోకి రావచ్చా? నేను వచ్చిన దారి ఇది

మెకానికల్‌లో బీటెక్ అయింది, అమీర్‌పేటలో కోర్సు చేస్తే ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్‌లో కనిపించే ముందు వైపు, సర్వర్‌లో నడిచే వెనక వైపు రెండూ రాసే) ఉద్యోగం వస్తుందా అని అడిగారు. నాదీ మెకానికలే. 2017లో పాసయ్యాక అక్కడే హాస్టల్‌లో ఆరు నెలలుండి జావా కోర్సు చేశాను. ఉద్యోగం వచ్చింది కానీ ఆ సర్టిఫికెట్ చూసి ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. క్లాసులో సార్ స్క్రీన్ మీద రాసిందే మేమూ కొట్టేవాళ్లం, రూముకొచ్చి ఖాళీ ఫైల్ తెరిస్తే ఏం రాయాలో తోచేది కాదు. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో చెప్పమని ఇంటర్వ్యూలో అడిగితే డీఎన్ఎస్ (సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది) దగ్గరే ఆగిపోయాను.

నాకు నిజంగా పని నేర్పింది మా బాబాయ్ ఎరువుల దుకాణం. నరసరావుపేట దగ్గర. రైతులకు అరువిచ్చి పుస్తకంలో రాసుకుంటాడు, దాన్నే వెబ్‌సైట్‌గా చేశాను: ముందు వైపు రియాక్ట్‌తో, వెనక వైపు నోడ్‌తో, డేటా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో. మూడో వారంలో బాబాయ్ ఫోన్. "ఏరా, ఒకాయనకి పురుగుమందు పద్దు రెండుసార్లు పడింది, కొట్టు దగ్గరికొచ్చి గొడవ చేస్తున్నాడు." నెట్ నెమ్మదిగా ఉండి బాబాయ్ సేవ్ రెండుసార్లు నొక్కాడు, 1,450 రూపాయల పద్దు రెండయింది. ఒకసారి నొక్కగానే బటన్ ఆగిపోయేలా చేశాను, సరిపోలేదు, నెట్ తెగి పేజీ మళ్లీ తెరిచి పంపితే మళ్లీ అదే. చివరికి ప్రతి పద్దుకీ బ్రౌజర్‌లోనే ఒక నంబరు పుట్టించి, పద్దుతోపాటు లోకల్ స్టోరేజ్‌లో (పేజీ మూసినా పోకుండా బ్రౌజర్ దాచుకునే చోటు) దాచి, టేబుల్‌లో ఆ కాలమ్‌ని యూనిక్ చేశాను. అదే నంబరు రెండోసారి వస్తే డేటాబేసే తీసుకోదు. నాకు ఉద్యోగమిచ్చిన ఇంటర్వ్యూలో అరగంట ఈ ఒక్క విషయం మీదే నడిచింది.

కాబట్టి ముందు మూడు నెలలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ గట్టిగా పట్టండి. ఫ్రీకోడ్‌క్యాంప్, ఓడిన్ ప్రాజెక్ట్ అనే నేర్చుకునే సైట్లు ఉచితమే. తర్వాత వెనక వైపుకి ఒక్కటే ఎంచుకోండి, జావా స్ప్రింగ్ బూటో నోడో, రెండూ ఒకేసారి మాత్రం వద్దు. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు, జాయిన్లు, ఇండెక్సులు, ట్రాన్సాక్షన్లు వచ్చినవాళ్లకి ఇంటర్వ్యూలో సగం టెన్షన్ ఉండదు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుంచుకునే గిట్‌ని మొదటి రోజు నుంచే వాడండి. కోర్సులోనే చేరాలనుకుంటే ఉచిత డెమో క్లాసులకి రెండు మూడు చోట్ల కూర్చుని చూశాకే డబ్బు కట్టండి.

ఇంకొకటి. అమీర్‌పేటలో మీకు మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనేవాళ్లు తగులుతారు. నా రూమ్మేట్ ఒప్పుకున్నాడు. ఆఫర్ లెటర్ వచ్చి, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాక, వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చూశారు, అందులో ఆ మూడేళ్లలో ఒక్క నెల కూడా జమ లేదు. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. దయచేసి ఆ దారిలోకి వెళ్లకండి.